సీతమ్మధార అటక మీంచి యారాడ రాళ్ల దాకా ఒక చెక్క రీలు

పాత వస్తువులు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉన్న ఒక వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో వచ్చింది. గుండ్రటి చెక్క చక్రం, దాని మొహం మీద ఎదురెదురుగా రెండు చిన్న పిడులు, మధ్యలో నల్లబడిన ఇత్తడి. కింద 'నూలు చుట్టే పాత చక్రం, సీతమ్మధార, విశాఖపట్నం' అని రాసి ఉంది. నూలు చక్రానికి రెండు పిడులు ఎందుకుంటాయి? అది చేపల గేలానికి తగిలించే రీలని చూడగానే నాకు అర్థమైంది. నాకు రాజమహేంద్రవరంలో కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఆరేళ్ల కిందట ఒక పెద్దాయన తన ఇత్తడి రీలులో స్క్రూ ఊడిపోయిందనీ, కళ్లజోడు స్క్రూ ఏమైనా పడుతుందేమో చూడమనీ తెచ్చారు. పట్టింది. బిగించి తిప్పితే అది కిరకిరమని చేసిన చప్పుడు నన్ను పట్టుకుంది. అప్పటి నుంచి పోగేసిన రీళ్లు పంతొమ్మిది, కర్రలు ఏడు. వాటిలో చెక్క రీలు ఒక్కటీ లేదు. 'నువ్వు పట్టిన చేపలు మాత్రం మూడు' అని మా ఆవిడ గుర్తుచేస్తుంటుంది. అది నిజమే. ఏమైనా ఆ ఫొటో చూశాక రెండు రోజులు సరిగ్గా పని చేయలేకపోయాను. మూడో రోజు శనివారం, గ్రూపులో అడ్రసు కనుక్కుని, దుకాణం తమ్ముడికి అప్పగించి బయల్దేరాను.

రాజమండ్రిలో ఉదయం ఆరున్నరకి రైలెక్కితే పది లోపే విశాఖలో దిగాను. కూర్చునే బోగీ టికెట్టు రెండొందల లోపే అయింది. తునిలో ఇడ్లీ తినొచ్చు, అనకాపల్లి దాటాక కిటికీ పక్కన కూర్చుంటే కొండలు బాగుంటాయి. స్టేషన్ బయట ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ పేరు సింహాచలం, నలభై దాటిన మనిషి, పల్చటి మీసం. సీతమ్మధారకి నూట యాభై అన్నాడు.

"ఏటి సార్, డాక్టర్ కాడికా?" అని అడిగాడు బండి కదలగానే. పొద్దున రైలు దిగి సీతమ్మధార వెళ్లేవాళ్లు ఎక్కువగా ఆసుపత్రులకే వెళతారట.

"కాదండి, చేపలు పట్టే పాత రీలు ఒకటుందంటే చూద్దామని."

అద్దంలో నా వైపు చూశాడు. "సీతమ్మధారలో సేపలేటి సార్. సముద్రం అటు కదా ఉంది."

విషయం చెప్పాను. ఇంటి ముందు దిగి డబ్బులిస్తుంటే ఇంజన్ ఆపేసి, "నానూ సూత్తాను సార్, అదేటో" అని వెనకే మెట్లెక్కాడు.

ఆ ఇల్లు పాత అపార్ట్‌మెంటులో మొదటి అంతస్తు. రీలు అమ్ముతున్న అన్నపూర్ణ గారికి డెబ్భై ఉంటాయి. నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త భాస్కరరావు గారు పోర్టులో టగ్ బోటు మీద ఇంజన్ డ్రైవరుగా చేసేవారు, పోయి ఎనిమిదేళ్లయింది. మేము కూర్చోగానే ఆవిడ మొదట అన్న మాట ఇది: "నూలు చక్రం అని రాసింది పక్కింటి అమ్మాయి బాబూ, నాను కాదు. చేపల గిలకని నాకు తెలుసు. ఏదో ఓడలో వంటవాడు ఒక బస్తా పచ్చిమామిడికాయలు తీసుకుని ఇచ్చాడట మా ఆయనకి."

అటక మీంచి దించిన పెట్టెలో, ఆసుపత్రి కట్టు గుడ్డలో చుట్టి ఉంది రీలు. పక్కనే గుడ్డసంచిలో రెండు ముక్కల కర్ర. చేతిలోకి తీసుకునే ముందు నాకు భయం వేసింది. ఎందుకంటే చెక్క, ఇత్తడి రీళ్లు ఇప్పుడు కొత్తగా చేసి, పాతవని అమ్ముతున్నారు. నేను మోసపోయి కొన్న ఇత్తడివి రెండున్నాయి. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు స్క్రూలు చూస్తాను. తల మీద కూడిక గుర్తులాంటి గాడి ఉంటే అది పాతది కాదనే అనుమానించాలి. దీనికున్నవన్నీ సన్నటి ఒంటి గాడివి, ఒకటి మాత్రం తర్వాత మార్చినది. రెండోది అయస్కాంతం. ఇనుము మీద ఇత్తడి పూత పూసి ఉంటే అంటుకుంటుంది. ఇది అంటుకోలేదు. మూడోది అరుగుదల. నకిలీలో రంగు అంతటా ఒకేలా ఉంటుంది, వాడిన వస్తువులో చెయ్యి తగిలిన చోటే అరుగుతుంది. దుకాణం భూతద్దం పెట్టి చూస్తే, చక్రం అంచున బొటనవేలు ఆనే చోట చెక్క నున్నగా, తేనె రంగులో ఉంది. వెనక నక్షత్రం ఆకారంలో ఇత్తడి పట్టీ, దాని నుంచి కర్రకి కట్టుకునే పాదం, ఆ పాదం చివర్లు ఎవరో ఆకురాయితో చేత్తో అరగదీసిన గుర్తులు. తయారుచేసినవాళ్ల పేరు లేదు. నాలుగు అని అంకె ఒక్కటే ఉంది, అడ్డంగా నాలుగు అంగుళాలని. అసలైనదే.

కర్ర కూడా మంచిదే. విరిగిన కొస ఉంటే గానీ కర్ర లోపల ఎలా ఉందో సాధారణంగా తెలియదు, కానీ ఇత్తడి అతుకు దగ్గర దగ్గరగా చూస్తే అది ఒకే వెదురు కాదనీ, ఆరు సన్నటి వెదురు పలకలు చెక్కి జిగురుతో కలిపారనీ కనిపిస్తుంది. అందుకే చేత్తో తడిమితే ఆరు అంచులు తగులుతాయి. పై ముక్క కొద్దిగా ఒంగింది, దారం వెళ్లే ఉంగరం ఒకటి లేదు. జిగురు ఎక్కడా విడలేదు.

ఒకటే చిక్కు. రీలు తిరగడం లేదు.

"సుత్తితో ఒక్కటి ఇద్దామేటి సార్?" అన్నాడు సింహాచలం.

వద్దన్నాను. లోపలి గ్రీజు ఏళ్ల తరబడి గట్టిపడిపోయింది. చెక్క మీద బలం పెడితే పగులుతుంది. అన్నపూర్ణ గారి కుట్టుమిషన్ ఆయిల్ ఇరుసు దగ్గర చుక్క చుక్కగా వేసి అరగంట చూశాను. కదల్లేదు. అప్పుడు ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్లి, మరిగే నీళ్లలో ముంచి తుడిచిన గరిటె పట్టుకొచ్చారు.

"మా రోజుల్లో గాజు సిరంజిలుండేవి బాబూ. లోపలి కడ్డీ పట్టేస్తే లాగకూడదు, బయట వెచ్చబెట్టాలి. ఆ ఇత్తడి మీద ఆనించు, చెక్కకి తగలనివ్వకు."

మూడుసార్లు గరిటె మార్చాం. నాలుగోసారి మధ్యలోని ఇత్తడి నట్టు కొంచెం కదిలింది. దాన్ని విప్పి, చక్రం బయటికి లాగి, నల్లటి గ్రీజు తీసి, తుడిచి, మళ్లీ ఆయిల్ వేసి చక్రం పెట్టి వేలితో తోశాను. తిరుగుతూనే ఉంది. వెనక మీట నొక్కితే కిర్రుమని చప్పుడు మొదలైంది. సింహాచలం నవ్వుతున్నాడు. అన్నపూర్ణ గారు మాత్రం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"ఈ చప్పుడు నాకు తెలుసు. నైట్ డ్యూటీ చేసొచ్చి ఆదివారం పొద్దున్న పడుకుంటే, హాల్లో ఇదే చప్పుడు. యారాడ వెళ్తన్నాను అనేవారు. మధ్యాన్నానికి వంజరం ముక్కలు తెచ్చేవారు." గరిటె పక్కన పెట్టి అడిగారు. "నువ్వు చేపల సంగతి తెలిసినవాడివి. ఒడ్డున నిలబడి గేలం వేస్తే వంజరం పడతాదా?"

వంజరం లోతు నీళ్ల చేప. పడవ మీద వెళ్లి పట్టాలి. చూద్దామండీ అని నసిగాను.

"పడదు కదా. నాకూ అనుమానమే. చేప కాదు, ముక్కలు తెచ్చేవారు, సాపుగా కోసినవి. దుకాణంలో కొని తెచ్చేవారనుకున్నాను. నాను అడిగితే బాధపడతారని ఎప్పుడూ అడగలేదు. పేకాటకి వెళ్లేవారో, ఇంకెక్కడికి వెళ్లేవారో." మాట మామూలుగానే అన్నారు గానీ, ఆ ప్రశ్న ఎన్నేళ్లుగా లోపల ఉందో మొహం చెబుతోంది. "నీకే ఇస్తాను బాబూ ఇది. నువ్వు ఎంతంటే అంతే. కానీ ముందు దీంతో ఒక్క చేప పట్టి చూపించు. యారాడలోనే. నానూ వస్తాను. ఈ ఊళ్లో నలభై అయిదేళ్లున్నాను, యారాడ చూడలేదు."

సాయంత్రం దాకా ఆటోకి పన్నెండొందలు అన్నాడు సింహాచలం. నేను బేరమాడలేదు. పదకొండున్నరకి బయల్దేరాం. పాత నూలు దారం లాగితే తెగిపోతోంది కాబట్టి, వన్‌టౌన్‌లో వలలూ తాళ్లూ అమ్మే దుకాణంలో ఆగి నైలాన్ దారం, నాలుగు గేలాలు, సీసం గుళ్లు కొన్నాను. అన్నీ కలిపి రెండొందల ముప్పై. రీలు మార్చకండి గానీ దారం మాత్రం ఎప్పుడూ కొత్తదే వాడండి. అక్కడి నుంచి కాన్వెంట్ జంక్షన్, సింధియా, ఆ తర్వాత కొండెక్కే రోడ్డు. సీతమ్మధార నుంచి మొత్తం గంట పైన పట్టింది. కొండ మలుపుల్లో ఆటో మొదటి గేరులో మూలుగుతూ ఎక్కింది. పైకొచ్చాక ఒక పక్క పోర్టు క్రేన్లు, ఇంకో పక్క కొబ్బరి చెట్ల వెనక యారాడ సముద్రం. నేవీ వాళ్ల బోర్డులున్న చోట ఫోను బయటికి తీయకండి. అన్నపూర్ణ గారు కర్ర సంచి నిలువుగా పట్టుకుని, బయటికి చూస్తూ, "ఇంత దూరం సైకిల్ మీద వచ్చేవారా" అన్నారు. వెంటనే, "వచ్చుంటే" అని సర్దుకున్నారు.

ఊళ్లో ఇసుక మీద ముగ్గురు వల బాగుచేసుకుంటున్నారు. సింహాచలం దిగి, "బావా, పాతకాలం గేలం పట్టీవోళ్లెవులైనా ఉన్నారేటి?" అని అడిగాడు. ఇద్దరు లేరని తల అడ్డంగా ఊపారు. మూడో ఆయన, అరవై అయిదేళ్ల నూకరాజు, నా చేతిలో రీలు చూసి వల కింద పెట్టేశాడు.

"ఇది రావుగోరి గిలక గదా. మీకెక్కడ దొరికినాది?"

"నాను ఆయన భార్యని," అన్నారు అన్నపూర్ణ గారు.

ఆయన లేచి నిలబడి, దగ్గర్లో ఉన్న ఇంటి వైపు తిరిగి భార్యని కేకేశాడు. పోలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అన్నపూర్ణ గారు అడగాల్సింది సూటిగా అడిగేశారు. "ఆయన ఇక్కడ నిజంగా చేపలు పట్టేవారా?"

"పట్టీవోరా అనేటమ్మా?" అన్నాడు నూకరాజు. "అదిగో ఆ నల్లరాయి. అక్కడ నిలబడితే పారసేపో, ఇంకేదో ఒకటి పడకుండా లెగిసీవోరు కాదు."

"మరి ఇంటికి వంజరం తెచ్చేవారే. ముక్కలు కోసి."

పోలమ్మ నోటికి కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. "ఆ ముక్కలు నాను కోసినవేనమ్మా. మా ఆవిడ రాత్రి డ్యూటీ సేసి వత్తాది పోలమ్మా, ముళ్లేరుకునే ఓపికుండదు అనీవోరు. ఆయన పట్టిన ముళ్ల సేపలు మాకిచ్చీసి, మా పడవలో వంజరం పడితే నాలుగు ముక్కలు పట్టుకెళ్లీవోరు. ఉన్న మాట సెప్పీవొచ్చు గదా బాబూ అనీదాన్ని. నాను పట్టినాననుకుంటే ఇంకో ముక్క ఎక్కువ తింటాది, నువ్వు సెప్పకు, అనీవోరు."

అన్నపూర్ణ గారు పోలమ్మ చెయ్యి పట్టుకున్నారు. తర్వాత, "అయితే నాకు ముళ్లేరుకోవడం రాదని యారాడంతా తెలుసన్నమాట," అన్నారు. అందరం నవ్వాం. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, మాతో పాటు నవ్వుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం భోజనం పోలమ్మ చేతి మీదే. కానాగంత చేపల పులుసు, పచ్చిమామిడి ముక్క వేసి చిక్కగా చేసింది. ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు. పులుసులో అంత రుచి ఎలా వచ్చిందని అడిగితే, "ఏటుంది బాబూ, పొద్దున్న పట్టింది మధ్యాన్నం వండినాను, అంతే" అంది. ముళ్లున్న చేపని అన్నపూర్ణ గారు ఒక్కొక్క ముల్లే తీసి పళ్లెం అంచున పేర్చుతూ, రెండు చేపలు తినేశారు.

ఎండ కొంచెం తగ్గాక, మూడున్నరకి, నూకరాజు మమ్మల్ని నల్లరాయి దగ్గరికి తీసుకెళ్లాడు. వెనక రాయి దాకే రావాలి, తడిరాయి మీద కాలు పెట్టకూడదు అని ముందే చెప్పాడు. గేలానికి చిన్న రొయ్య గుచ్చి నేను విసిరాను. ఇలాంటి రీలుకి బ్రేకు ఉండదు. దారం వెళుతున్నప్పుడు బొటనవేలితో అంచుని తాకుతూ ఆపాలి. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. చదివినంత మాత్రాన వేలికి రాదు. చక్రం దారం కంటే ముందు పరుగెత్తింది, దారమంతా పిచ్చుక గూడులా చిక్కుపడిపోయింది. నా మొహం చూసి సింహాచలం వేరే వైపు తిరిగి నవ్వుకున్నాడు.

"ఇలా తే," అన్నారు అన్నపూర్ణ గారు. రాయి మీద కూర్చుని, కళ్లద్దాలు సర్దుకుని, ఎన్ని కుట్లు వేసిన వేళ్లో గానీ, పది నిమిషాల్లో చిక్కంతా విప్పేశారు. విప్పాక తిరిగి నాకివ్వలేదు. నూకరాజు వైపు చూసి, "ఆయన ఎలా వేసేవారు?" అని అడిగారు.

నూకరాజు చూపించాడు. విసరడం కాదు, ఊయల ఊపినట్టు ముందుకి తోయడం, వేలు అంచు మీదే ఉంచడం. ఆవిడ మొదటి రెండుసార్లు కాళ్ల ముందే పడేశారు. మూడోసారి దారం అలల మీదుగా వెళ్లి ఆగింది. నున్నగా అరిగిన చెక్క మీద సరిగ్గా ఆ చోటే ఆవిడ బొటనవేలు ఉంది. చాలాసేపు ఏమీ జరగలేదు. నేను దీనికి రసీదు రాయించుకోవాలా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో కర్ర కొస వంగింది, రీలు కిర్రుమంది.

"వదలకమ్మా, వదలకు. తిప్పొద్దు, లాగనీ," అన్నాడు నూకరాజు.

ఆవిడ వదల్లేదు. చేప లాగినప్పుడు వేలు తేలిక చేస్తూ, ఆగినప్పుడు రెండు చుట్లు తిప్పుతూ, పెదవులు బిగించి, ఎవరి మాటా వినకుండా అయిదు నిమిషాలు నిలబడ్డారు. ఒంగిన పాత కర్ర విరుగుతుందేమోనని నేను దాని అతుకు వైపే చూస్తున్నాను. విరగలేదు. నూకరాజు కిందికి దిగి చేత్తో పైకి తీశాడు. అరచెయ్యి కంటే కొంచెం పెద్ద పార, వెండిలా మెరుస్తూ. ఆవిడ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, "దీన్నిండా ముళ్లే కదా" అని అడిగారు. ఉంటాయన్నాడు నూకరాజు. "అయితే నాకే కావాలి," అన్నారు.

ఆరింటికి తిరుగు ప్రయాణం. ఆటో మళ్లీ మూలుగుతూ కొండ పైకి వచ్చింది. రీలు ఆవిడ ఒడిలో ఉంది, కట్టు గుడ్డ చుట్టలేదు. పోర్టు దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

"బాబూ," అన్నారు. "నీకు మాటిచ్చాను."

"ఇచ్చారు. కానీ చేప పట్టింది నేను కాదు కదండీ," అన్నాను. "ఒప్పందం కుదర్లేదు."

ఆవిడ నా వైపు చూశారు. "కర్రయినా తీసుకెళ్లు. ఉత్త చేతులతో పంపితే బాగోదు."

రెండూ కలిసి ఉంటేనే అందమనీ, విడదీయకండనీ చెప్పాను. ఒట్టి మాట చెప్పడం ఎందుకు, దాన్ని వదులుకోవడం బాధగానే ఉంది. మళ్లీ అలాంటి రీలు నాకు దొరుకుతుందో లేదో. కానీ నెలకోసారి చుక్క ఆయిల్ ఎలా వేయాలో, ఉప్పు నీళ్లు తగిలిన రోజు మంచినీళ్ల తడిగుడ్డతో తుడిచి, ఎండలో కాకుండా నీడలో ఎందుకు ఆరబెట్టాలో ఆవిడకి చెబుతుంటే, ఆవిడ ప్రతిదీ మళ్లీ నాకు అప్పజెబుతుంటే, ఆ బాధ ఎప్పుడు తగ్గిందో గమనించలేదు. ఇంటి ముందు దిగాక సింహాచలం ఇంజన్ ఆపకుండానే అడిగాడు. "వచ్చే ఆదివారం ఎన్ని గంటలకి రమ్మంటారమ్మా?"

"ఆరుకి వచ్చీ," అన్నారావిడ, చేప సంచి అందుకుంటూ.

రాత్రి రైల్లో నా సంచిలో భూతద్దం, అయస్కాంతం, స్క్రూడ్రైవర్లు మాత్రమే ఉన్నాయి. ఆరేళ్లుగా నేను పాత రీళ్లని అద్దాల బీరువాలో పెట్టి, ఎప్పటివి, ఎవరు చేశారు అని చీటీలు రాస్తున్నాను. వాటితో ఎవరు ఏ నీళ్ల దగ్గర నిలబడ్డారు, పట్టిన చేప ఎవరికి పెట్టారు అన్నది ఒక్క చీటీ మీదా లేదు. ఇంటికి రాగానే చేసిన మొదటి పని, ఆ స్క్రూ ఊడిన రీలు పెద్దాయనకి ఫోన్ చేసి, అది ఎక్కడిదో అడగడం. గంటన్నర మాట్లాడారు. ఉత్త చేతులతో వచ్చిన ప్రయాణమని మా ఆవిడ అంటుంది. నేను చూసిన రీళ్లన్నిటిలో నాకు బాగా తెలిసిన రీలు నా బీరువాలో లేనిదే.

ఇలాంటి వేటకి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక సలహా. ముందు నుంచి తీసిన ఒక్క ఫొటో చూసి బయల్దేరకండి. రీలు వెనక వైపు, స్క్రూల తలలు, కర్రకి కట్టే పాదం, ఈ మూడూ దగ్గరగా పగటి వెలుతురులో తీసి పంపమనండి. పంపాకే టికెట్టు కొనండి. నేను ఆ ఫొటోలు అడగలేదు. ఈసారికి అదృష్టం నా వైపు ఉంది.